ఇరుసు కింద గొలుసు

మా వైపు ట్రాక్టర్ల పందెం చూడనివాళ్లకు అదేమిటో ముందే చెప్పేస్తాను, తర్వాత మధ్యలో అడ్డు రావద్దు. రెండు చిన్న ట్రాక్టర్లను వీపుకు వీపు పెట్టి, మధ్యలో గొలుసు కడతారు. గొలుసు నడిమికి సరిగ్గా నేల మీద సున్నంతో గీత గీస్తారు. జెండా దించగానే ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు లాగుతాయి. ఏది వెనక్కి ఈడ్చుకుపోయి గీత దాటుతుందో అది ఓడినట్టు. ఇంతే. ఈ మాత్రం దానికి జగ్గయ్యపేట నుంచీ మైలవరం నుంచీ జనం బండ్లు కట్టించుకుని వస్తారు. మైకులో అరిచేది నేను. నా పేరు వేదవ్యాస్. నందిగామలో షామియానాలు, సౌండు బాక్సులు అద్దెకిస్తాను. పేరుకు తగ్గ వాగుడని ఎగతాళి చేస్తారు, చేసుకోనివ్వండి. ఆ వాగుడే నాకు అన్నం పెడుతోంది.

ఇప్పుడు చెప్పేది జయమణి సంగతి. హైవే దిగి మునేటి వైపు వెళ్తే వాళ్ల ఊరు వస్తుంది. ఊరి పేరు చెప్పను, చెప్తే వచ్చే ఏడు నా చేతికి మైకివ్వరు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చిన్న ట్రాక్టరు తోలుతుంది. మిరప సాళ్ల మధ్య గుంటక తోలించాలన్నా, పత్తి కట్టె పీకేశాక చేను దున్నించాలన్నా చుట్టుపక్కల రైతులు ఆవిడకే ఫోను చేస్తారు. ఆలస్యమైతే వాళ్లు తిడతారు, ఆవిడ వాళ్లకంటే గట్టిగా తిడుతుంది, పని మాత్రం ఒక్క మొక్క విరగకుండా జరిగిపోతుంది. ఆదివారం ఎంత పనున్నా బండి తీయదు. చర్చిలో ముందు వరసలో కూర్చుంటుంది, పాట కూడా తిట్టినట్టే పాడుతుంది.

ఆ ట్రాక్టరు ఆవిడ భర్త కృపారావుది. మూడేళ్ల కిందట ఈస్టరు మర్నాడు జరిగిన పందెంలో అది ముందు చక్రాలు పైకి లేపి, నిట్టనిలువునా నిలబడి, వెనక్కి తిరగబడి కృపారావు మీద పడింది. ముందు చక్రాలు లేవడాన్ని మా వైపు ‘గుర్రం లేచింది’ అంటారు. గుర్రం లేస్తే ఈలలు, కేకలు. లేపలేనివాడు మగాడే కాదన్నట్టు చూస్తారు. ఆ రోజు నేను మైకులో గుర్రం గుర్రం అని అరుస్తూనే ఉన్నాను, రెండోసారి ఊపిరి పీల్చేలోపు అంతా అయిపోయింది. అవతల బండి మీదున్నది జయరాజ్ అనే కుర్రాడు. గెలుస్తున్నాడు కదా, గొలుసు బిగువు వదల్లేదు. అతన్ని ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. జయమణి కూడా అనలేదు. ఆ తర్వాత అతనే పందేలు మానేశాడు.

పరామర్శకు వచ్చిన వాళ్లంతా ఒకటే మాట. దేవుడు పిలిచాడమ్మా, మన చేతుల్లో ఏముంది అని. మూడో రోజు దాకా విని ఊరుకుంది. ఆ రోజు ఎవరో పెద్దావిడ మళ్లీ అదే మాట అనేసరికి కళ్లు తుడుచుకుని లేచింది.

"దేవుడు పిలిస్తే పేరు పెట్టి పిలుస్తాడు పిన్నీ. గొలుసు కట్టి లాగడు. ఆ గొలుసు మనం కట్టాం."

ఆ ట్రాక్టరు ఇంటికి అరిష్టం, తూకానికి అమ్మేయమన్నారు. వినలేదు. నందిగామలో ఫ్రాన్సిస్ షెడ్డుకు ఈడ్పించుకొచ్చింది. ఫ్రాన్సిస్ నా స్నేహితుడు, షెడ్డు నా దుకాణం వెనకే. వంగిపోయిన స్టీరింగూ నలిగిన మడ్‌గార్డులూ అతను విప్పుతుంటే పక్కనే స్టూలేసుకుని కూర్చుని, ఇది ఎందుకు తిరగబడిందో నాకు అర్థమయ్యేట్టు చెప్పమంది. అతను తప్పించుకోవాలని చూశాడు. ఈవిడ కదిలితేగా.

"పైన కడితేనే పట్టని ఊళ్లో వాళ్లనేది అబద్ధం కాదక్కా," అన్నాడు చివరికి. "గొలుసు పైన కడితే ముందు బరువంతా వెనక్కొస్తది. వెనక టైరు నేలని గట్టిగా పట్టుద్ది, లాగుడు పెరుగుద్ది. అందుకే అందరూ పైన కడతారు. ఎటొచ్చీ అవతలోడు బిగబట్టి మన చక్రం తిరగలేదనుకో, ఇంజిను ఊరుకోదు. చక్రాన్ని తిప్పలేక బండినే ఇరుసు చుట్టూ తిప్పుద్ది. ముందు లేస్తది. గొలుసేమో ఇరుసుకి పైన పట్టుకుని వెనక్కి గుంజుతుంటది. ఇంక ఆపేదేం లేదు."

"కింద కడితే?"

"ఇరుసుకి కిందగా, వెనక హుక్కుకి కడితే, ముందు లేచే కొద్దీ హుక్కు నేలకి దిగుద్ది. దిగే కొద్దీ పైకి లేపే బలం తగ్గిపోద్ది. బండి దానంతటదే కూర్చుంటది."

జయమణి స్టూలు మీంచి లేచింది. ఆ హుక్కు దగ్గరకు వెళ్లి వేలు పెట్టి తడిమి చూసింది. "ఇది మా బండికి మొదట్నించీ ఉందిగా," అంది.

ఆ హుక్కు అందరి బండికీ ఉంటుంది. దాన్ని వదిలేసి పైన ఎందుకు కడతారో తెలియాలంటే భావనారాయణగారి గురించి చెప్పాలి. పందెం కమిటీకి పెద్ద ఆయన. ఒకప్పుడు ఆయన ఎడ్ల జత బండలాగుడు పందేల్లో జిల్లా అంతా పేరు మోసింది. ఎడ్లు పోయాయి, పందెం పిచ్చి పోలేదు. ట్రాక్టర్ల పందెం మొదలుపెట్టింది ఆయనే, ఎడ్ల సూత్రమే దానికీ పెట్టాడు. కాడి మెడ మీద ఉంటేనే ఎద్దుకు పట్టు, కాబట్టి ట్రాక్టరుకూ మెడ మీదే కట్టాలి. సీటు వెనక ఎత్తున, నాగలి పైకొస తగిలించే టాప్ లింకు చోటుంటుంది. ఊళ్లో దాని పేరే ‘మెడ’ అయిపోయింది. కింద ఉన్న హుక్కుకు కడితే పెంటమట్టి ట్రక్కు లాగుతున్నావా అని నవ్వుతారు. కింద కట్టకూడదని రూలేమీ లేదు. కానీ మా వైపు నవ్వు కంటే పెద్ద రూలు లేదు.

రెండేళ్లు జయమణి పందెం జోలికి పోలేదు. మూడో ఏడు పందేనికి బెన్ని తన పేరిచ్చాడు.

బెన్ని కృపారావు తమ్ముడు. జగ్గయ్యపేట అవతల సిమెంటు ఫ్యాక్టరీలో పని. జయమణి కాపురానికి వచ్చేటప్పటికి వాడు చిన్నపిల్లాడు, తల్లి లేదు. ఈవిడే తల దువ్వి బడికి పంపింది, ఈవిడే బెత్తం పుచ్చుకుని పదో తరగతి గట్టెక్కించింది. ఆ ఇంట్లో ఆవిడకు మిగిలింది వాడొక్కడే. అన్న పడ్డచోట తమ్ముడు గెలవాలని ఊళ్లో వాళ్లు ఎక్కించారు, వాడు ఎక్కాడు. మన జనానికి ఇంకొకడి మెడకు గొలుసు కట్టడంలో ఉన్న సరదా అలాంటిది.

"అన్న పేరు నిలబెడతా వదినా," అన్నాడు.

"పేరు నిలబెట్టడానికి సమాధి మీద రాయుంది. నువ్వు నిలబడు చాలు."

"మెడకి కట్టకుండా లాగితే నవ్వుతారు."

"ఏడిస్తే నేనొక్కదాన్నే ఏడవాలి. నవ్వితే ఊరంతా నవ్వుద్ది. ఏది తేలికో నువ్వే చెప్పు."

వాడు వినలేదు. ఈవిడ బండి తాళం ఇవ్వలేదు. వాడు కీసరలో స్నేహితుడి దగ్గర అదే సైజు ట్రాక్టరు తెచ్చుకున్నాడు. ఒక్కణ్ణి ఆపితే లాభం లేదని జయమణికి అప్పుడు తెలిసింది. పందెం మొత్తాన్నే మార్చాలి.

చర్చి ముందు కమిటీ కూర్చుంది. షామియానా నాదే, ప్లాస్టిక్ కుర్చీలు నావే, కాబట్టి నేనూ ఉన్నాను. జయమణి చేతిలో తాడుతో వచ్చింది. భావనారాయణగారికి నమస్కారం పెట్టి, "బాబాయ్‌గారూ, కాస్త వెనక్కి ఆనుకుని కూర్చోండి," అంది. ఆయన మర్యాద అనుకుని కూర్చున్నాడు. ఈవిడ వెనక్కి వెళ్లి కుర్చీ వీపు పైకొసకు తాడు కట్టి మెల్లగా లాగింది. ముందు కాళ్లు రెండూ లేచాయి. పెద్దాయన కాళ్లు గాల్లోకి లేచి చెప్పొకటి ఊడిపోయింది. పడకుండా జయమణే మోకాలడ్డం పెట్టి పట్టుకుంది. తర్వాత అదే తాడు వెనక కాళ్ల అడుగున కట్టి లాగింది. కుర్చీ గచ్చు మీద కీచుమంటూ ఈడ్చుకొచ్చింది, కాలు లేవలేదు.

"చూశారుగా. రెండోసారి ఎక్కువ బలమే పెట్టా."

"కుర్చీకి ఇంజినుందంటమ్మా?" అన్నాడాయన చెప్పు వెతుక్కుంటూ. ముఖం ఎర్రబడింది.

"ఉంటే ఇంకా తొందరగా పడేవోరు."

"ముప్పై ఏళ్లు ఎడ్లు కట్టినోణ్ణి. పట్టు మెడలో ఉంటదని నాకు నువ్వు చెప్తావా?"

"ఎద్దు మెడ ముందుంటది బాబాయ్‌గారూ. కాడి బరువు దాని ముందుకాళ్ల మీద పడుద్ది, ఎద్దు లేవమన్నా లేవదు. మీరు మెడంటున్నది ట్రాక్టరుకి వెనకుంది. తోకకి కాడి కట్టి మెడని పేరు పెట్టుకున్నాం."

ఎవరో కిసుక్కున నవ్వారు. అదే చెడగొట్టింది. నవ్వకుండా ఉంటే ఆయన ఒప్పుకునేవాడేమో. లేచి కండువా దులుపుకున్నాడు.

"పందెం కొలత మార్చాలంటే దానికో పద్ధతుంది. గెలిచినోడి మాట. అది కావాలంటే గెలువు."

ఆ పద్ధతి కూడా ఎడ్ల కాలం నాటిదే. గెలిచిన జత యజమాని వచ్చే ఏడు ఏ బండ లాగాలో చెప్పేవాడు, దాన్ని కమిటీ కాదనకూడదు. ట్రాక్టర్లకూ అదే సాగుతోంది. గెలిచినవాళ్లు మామూలుగా గొలుసు పొడుగో, గీత దూరమో మార్చి మీసం తిప్పేవారు. అందరికీ కింద హుక్కే కొలత అని చెప్పాలంటే జయమణి ట్రాక్టరెక్కి గెలవాలి.

"సరే, నా పేరు రాసుకోండి," అంది.

ఆ రోజు నుంచి ఆవిడకు వేరే ధ్యాస లేదు. మెడకు కట్టినవాడికి వచ్చే పట్టు కింద కట్టినవాడికి రాదు, ఆ సంగతి ఫ్రాన్సిస్ దాచకుండా చెప్పాడు. ఆ లోటు ఇంకో దారిలో పూడ్చుకోవాలి. వెనక టైర్లలో నీళ్లు నింపించింది. ముందు బంపరుకు ఇనప దిమ్మెలు బోల్టులతో బిగించింది. అందరూ చేసేట్టు నలుగురు కుర్రాళ్లను బానెట్టు మీద కూర్చోబెట్టొచ్చు కదా అని నేనంటే, "బండి లేస్తే ఆ నలుగురూ ఎటు పడతారు?" అని నన్ను కసిరింది. ఇంజిన్ ఆపే నాబుకు తాడు కట్టి, రెండో కొస తన మణికట్టుకు కట్టుకుంది. సీటు మీంచి మనిషి పడితే తాడు గుంజుకుని ఇంజిన్ ఆగుతుంది. ఇవన్నీ అయ్యాక ఖాళీ చేలో ఎండిన తుమ్మ మొద్దుకు గొలుసు కట్టి, చిన్న గేరులో, క్లచ్చు మెల్లగా వదలడం సాధన చేసింది. ఎగదోసి లాగితే చక్రం గుంటలో తిరుగుతుంది, నెమ్మదిగా వదిలితే నేలను పట్టుకుంటుంది. వరసకు తమ్ముణ్ణే అయినా చూడ్డానికి వెళ్తే నన్ను గట్టు మీదే ఉండమంది, గొలుసుకు ఎదురుగా నిలబడితే కాళ్లు విరగ్గొడతానంది.

పందెం రోజు కూడా వచ్చీ రాగానే నా చేతిలో మైకు లాక్కుని జనాన్ని రెండు కొసల నుంచీ పక్కలకు జరిపించింది. గొలుసు మీద తడిపిన గోనెసంచులు పరిపించింది. తెగితే ఎగిరి ఎవరి ముఖానా కొట్టకుండా ఆ బరువు కిందికి లాగుతుందట. భావనారాయణగారు జెండా పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు, కాదనలేదు.

జయమణి చీర మీద కృపారావు చొక్కా తొడుక్కుంది. కింద హుక్కుకు గొలుసు తగిలించగానే గట్టు మీద నవ్వులు మొదలయ్యాయి. పెంటమట్టి ఎక్కడక్కా అన్నాడొకడు. నీ నోట్లో పోయడానికే తెస్తున్నా అంది. మొదటివాడు గుర్రం లేపాడు, భయపడి తనే యాక్సిలేటరు వదిలేశాడు, ఈవిడ ఈడ్చేసింది. రెండోవాడి చక్రాలు ఉన్నచోటే తిరిగి గుంట తవ్వుకున్నాయి. నవ్వులు తగ్గాయి. చివరి పందెంలో అవతల నిలబడింది ఎవరో చెప్పక్కర్లేదు.

బెన్ని మెడకే కట్టాడు. జయమణి దిగి వాడి బండి దాకా నడిచింది.

"ఇప్పటికైనా కిందికి మార్చు బెన్నీ."

"ఓడిపోతానని భయమా వదినా?" అన్నాడు నలుగురూ వింటున్నారని.

ఆవిడ వాడి ముఖం వైపు చూసి వెనక్కి వచ్చేసింది. గెలిస్తే ఇంక ఈ పీడ ఉండదు, వచ్చే ఏడు నుంచి ఎవడూ మెడకు కట్టడు. ఇదొక్కటి గెలవాలి.

జెండా దిగింది. గొలుసు బిగుసుకుంది, గోనెసంచులు పైకి లేచాయి. రెండు బండ్లూ కదల్లేదు. పొగ తప్ప ఏమీ లేదు. తర్వాత జయమణి చక్రాలు అంగుళం అంగుళం ముందుకు పోవడం మొదలైంది. ఆవిడ ముందుకు చూడట్లేదు, మెడ తిప్పి వెనక్కే చూస్తోంది. బెన్ని బండి గీత వైపు జరిగింది, ఇంకాస్త జరిగింది. గీతకూ వాడి వెనక చక్రానికీ మధ్య జానెడు కూడా లేదు. నేను మైకులో ఏం వాగుతున్నానో నాకే తెలియదు.

అప్పుడు బెన్ని యాక్సిలేటరు చివరికంటా లాగేశాడు. ముందు చక్రాలు లేచాయి. గట్టు మీద ఈలలు. గుర్రం గుర్రం అని జనం. నేను మైకు దించేశాను. పొగ గొట్టం వెనక్కి వాలుతోంది, వాడి వీపు వెనక్కి వాలుతోంది, చూస్తున్నాను, మూడేళ్ల కిందట చూసిందే చూస్తున్నాను.

జయమణి క్లచ్చు తొక్కేసింది.

గొలుసు ఒక్కసారిగా వదులైంది. బెన్ని ముందు చక్రాలు దభీమని నేలకు కొట్టుకున్నాయి, వాడి బండి ముందుకు దూకింది, జయమణి క్లచ్చు మీంచి కాలు తీయలేదు, ఆవిడ బండి గొలుసు పొడుగునా వెనక్కి ఈడ్చుకుపోయి గీత దాటింది. జయమణి మణికట్టు తాడు లాగి ఇంజిన్ ఆపేసింది. ఓడిపోయింది.

ఆడమనిషి కాలు జారిందిరా అని ఎవడో అరిచాడు, జనం గొల్లుమన్నారు. వాణ్ణి మైకులో తిట్టాను. ఏం తిట్టానో ఇక్కడ చెప్పకూడదు. భావనారాయణగారు జెండా పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉన్నాడు. ఆయన గీత దగ్గరే ఉన్నాడు, కాలు జారిందో తొక్కిందో ఆయనకు తెలుసు.

పద్ధతి పద్ధతే కదా. మైకు తీసుకుని బెన్ని దగ్గరకు వెళ్లాను. వాడు ఇంకా స్టీరింగు వదల్లేదు. పందెం గెలిచావు బెన్నీ, గెలిచినోడి మాట చెప్పు, వచ్చే ఏటి కొలత ఏంటి అని అడిగాను. మైకు అందుకోలేదు. దిగాడు. బండి వెనక్కి వెళ్లి మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, మెడకు కట్టిన గొలుసు విప్పి, కింద హుక్కు మీద చెయ్యి పెట్టాడు. నేను వంగి వాడి నోటి దగ్గర మైకు పెట్టాను.

"ఇక్కడ," అన్నాడు. "ఇరుసు కింద. దీనికి పైన కట్టేవోడు ఈ చేలోకి రాకూడదు."

గట్టు మీద ఒక్క ఈల లేదు. అందరం భావనారాయణగారి వైపు చూశాం. ఆయన చుట్టూ ఒకసారి చూసి జెండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "గెలిచినోడి మాట," అన్నాడు. "రాసుకోండి."

"ముందు బరువులు కూడా చెప్పు," అని అవతల బండి దగ్గర్నుంచి జయమణి గొంతు.

"ముందు బరువులు కూడా," అన్నాడు బెన్ని, లేవకుండానే.

"ఇంజిన్ ఆపే తాడు."

"తాడు కూడా."

"జనం గొలుసుకి ఎదురుగా ఉండకూడదు."

"ఉండకూడదు వదినా," అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. జయమణి వచ్చి చొక్కా కాలరు పట్టుకుని లేపి, వీపు మీద చరిచి మట్టి దులిపింది. దులపడం కంటే చరచడమే ఎక్కువ.

జనం పలచబడ్డాక బాక్సులు సర్దుకుంటూ ఆవిడ దగ్గరకు వెళ్లాను. గొలుసు చుట్టలు చుట్టి ట్రాక్టరు మీద వేసుకుంటోంది. జానెడు దూరంలో గెలుపు పెట్టుకుని అంత టక్కున క్లచ్చు ఎలా తొక్కావక్కా, ఎవరికి తడుతుంది ఆ క్షణంలో అని అడిగాను.

"మీ బావ బండి లేచినప్పుడు జయరాజ్ క్లచ్చు తొక్కలేదు వ్యాసూ," అంది గొలుసు మీద నుంచి కళ్లెత్తకుండా. "పాపం, తొక్కితే బతుకుతాడని అతనికి తెలీదు. నాకు తెలుసుగా."